ఆది చొక్కా

చొక్కా ఇంకా బల్ల మీదే ఉంది.

నిన్న పొద్దున సీమోను దాన్ని అడుగు సొరుగులోంచి తీశాడు. మడత విప్పి, కాలరు తిరగేసి, కుట్టు మీద బొటనవేలితో ఒకసారి రాసి చూసి, ఎలా ఉన్నదాన్ని అలాగే మడతపెట్టి కటింగ్ బల్ల చివర పెట్టేశాడు. అప్పటినుంచీ ఆ ఇంట్లో దాని పక్కనుంచి నడిచినవాళ్లున్నారు గానీ దాన్ని ముట్టుకున్నవాళ్లు లేరు.

క్రిస్మస్ నాటి పొద్దున, చర్చికి బయల్దేరే ముందు మొగుడి చేతిలో పెడదామని సువర్ణ దాచుకున్న చొక్కా అది. విరిగిన బాబిన్లూ, తుప్పు కత్తెరలూ తప్ప ఏమీ ఉండని ఆ సొరుగు జోలికి సీమోను పోయి ఎన్నేళ్లయిందో. నిన్నే ఎందుకు తెరిచాడో ఆయనే చెప్పాలి. ఆయన చెప్పడం లేదు.

"టీ చల్లారిపోతోందండి."

సీమోను గ్లాసు అందుకుని తాగాడు. ఖాళీ గ్లాసు కిటికీలో పెట్టి మళ్లీ మిషను మీదికి వంగాడు. పక్కనున్న నీళ్ల సీసా అయిపోతే తనే లేచి వెళ్లి నింపుకొచ్చుకున్నాడు. పెడితే తింటున్నాడు, పిలిస్తే తల తిప్పుతున్నాడు. నోరు మాత్రం గట్టి దారంతో కుట్టేసుకున్నాడు.

వెనక వాటాలోంచి సత్యవేదం వచ్చింది. సీమోనుకి అక్క. భర్త పోయాక తమ్ముడి పంచన అని ఎవరైనా అంటే ఒప్పుకోదు, తమ్ముడే తన వాటాలో ముందు గది వాడుకుంటున్నాడంటుంది. అరిసెల పిండి అంటిన చేతుల్ని గాల్లో పట్టుకుని గుమ్మంలో నిలబడి, ముందు చొక్కానీ, తర్వాత తమ్ముణ్ణీ, ఆ తర్వాత మరదల్నీ చూసింది.

"ఇంకా ఉపవాసమేనా?"

"మాటల ఉపవాసం, వదినగారు. అన్నం ఉపవాసం కాదు."

"మా నాన్నకీ ఉండేదిది. కోపమొస్తే ఎద్దులతో మాట్లాడేవాడు గానీ మా అమ్మతో మాట్లాడేవాడు కాదు. చివరికి ఎద్దులే విసిగిపోయి ఉంటాయి." సత్యవేదం గొంతు కాస్త తగ్గించింది, అంటే వీధి చివరిదాకా కాకుండా సగం దాకా వినిపించేలా. "అయినా నీకదేం బుద్ధమ్మా. ఇంట్లో దర్జీని పెట్టుకుని ఇంకో దర్జీ దగ్గర కుట్టిస్తావా? పాస్టరమ్మగారు ప్రార్థన చేయించుకోడానికి పక్క సంఘానికి వెళ్లినట్టుంది."

మిషను ఒక్క క్షణం ఆగింది. మళ్లీ నడిచింది.

సువర్ణ కిటికీలోని ఖాళీ గ్లాసు తీసింది. చెప్పడానికి ఉన్నది ఒక్క మాట కాదు, కాపురమంత పొడుగు.

సీమోనుకి ఏదైనా కొనడమంటే నీళ్లకి సంచి కుట్టడం లాంటిది. "క్రిస్మస్‌కి మీకేం కావాలండీ?" అంటే పెళ్లైన ఏటినుంచీ ఒకటే మాట: "నాకేం తక్కువ?" తక్కువేంటో చెప్పని మనిషికి ఏది తెచ్చినా అది ఇంకో పనికి పోయేది. చేతిగడియారం కొంటే, టైము చూసుకుంటూ కుడితే కుట్టు పరిగెడుతుందని తీసి పక్కన పెట్టాడు. బూట్లు తెస్తే మిషను తొక్కే కాళ్లకి ఇవెందుకని చర్చి వాచ్‌మన్‌కి తొడిగాడు. శాలువా మిషను మీద దుమ్ము పడకుండా కప్పాడు. ఫ్లాస్కు గుండీల డబ్బా అయింది. చింతలపూడిలో కాపురముంటున్న కూతురు షారోన్ పోయినేడు ఆన్‌లైన్‌లో గెడ్డం ట్రిమ్మరు తెప్పిస్తే, దాంతో ఉన్నిగుడ్డల మీద లేచిన నూగు గీకాడు. "బాగా పనిచేస్తోందమ్మా" అని కూతురికి ఫోను చేసి మరీ చెప్పాడు.

ఈ ఏడు మాత్రం సువర్ణకి కళ్లముందున్నదే కనిపించింది.

క్రిస్మస్ నాడు సగం సంఘం సీమోను కుట్టిన కొత్తబట్టల్లో చర్చికొస్తుంది. సీమోను మాత్రం పోయినేటి చొక్కానే ఇస్త్రీ చేసుకుని వెనక వరసలో కూర్చుంటాడు. ఊరి బట్టలు తెమిలేసరికి పండగొచ్చేస్తుంది, తనది కుట్టుకునే తీరికెక్కడిది? కొత్తబట్ట లేని క్రిస్మస్ ఆ వీధిలో ఆ ఒక్క మనిషికే. రెడీమేడు తెస్తే గుండీ పీకి చూపించి నవ్వుతాడు. కాబట్టి కుట్టించాలి. గూడెంలో ఎవరి దగ్గర కుట్టించినా పొద్దుపోకముందే తెలిసిపోతుంది. కాబట్టి ఏలూరు.

లేత బూడిద రంగు మీద సన్నటి చారల గుడ్డ కొంది. కొలతలు కావాలి. కొలతల మనిషికి కొలతలు తీసినవాళ్లు ఎవరూ లేరు. రోజూ వేసుకునేది తీస్తే కనిపెడతాడని, పెట్టె అడుగున షారోన్ పెళ్లికి ఆయనే కుట్టుకున్న చొక్కా తీసి, ఆదికని పట్టుకెళ్లింది. ఏలూరు కాలవగట్టు దగ్గర కొట్టున్న అచ్యుతరావు, సీమోను ఒకే గురువు దగ్గర పని నేర్చుకున్నవాళ్లు. "మా ఆయనకి చెప్పకండి అన్నయ్యగారు" అని మరీ మరీ చెప్పి ఇచ్చింది.

అంత జాగ్రత్తగా చేసిన పని ఇప్పుడు బల్ల మీద మడతపెట్టి ఉంది.

బయట మోటారు సైకిలు ఆగింది. చర్చిలో పాటలు పాడే క్వయరు లీడరు బాబీ.

"వందనాలు అంకుల్. వందనాలు ఆంటీ." సత్యవేదాన్ని చూసి ఇంకో వందనం కలిపాడు. లోపలికి రాలేదు, గుమ్మానికి కట్టిన నక్షత్రం తోక పట్టుకుని నిలబడ్డాడు. "క్వయరు చొక్కాలు మొదలెట్టారా అంకుల్?"

"రేపు కత్తిరిస్తాను."

"అంటే ఇంకా కత్తిరించలేదన్నమాట. మంచిదయింది." ఆ మాట తనకే బాగోలేదని తెలిసి బాబీ నక్షత్రం తోక వదిలేశాడు. "మంచిదంటే అదికాదండి. మొన్న ప్రాక్టీసులో మావాళ్లు అనుకున్నారు. అంకుల్‌కి పని ఎక్కువైపోయింది, ఈ ఏడు మనం కూడా ఎందుకు ఇబ్బంది పెట్టడమని. మీ చొక్కాకే మీకు తీరిక లేక ఏలూరులో కుట్టించుకుంటున్నారంట కదండి."

"ఎవరన్నారు బాబీ?" అంది సువర్ణ.

"బట్టల కొట్టులో అనుకుంటున్నారండి. వాళ్ల మనిషి సరుక్కని ఏలూరు వెళ్తే, అచ్యుతరావుగారే చెప్పారంట. గూడెం సీమోను చొక్కా నా చేతి మీద కుట్టానని." బాబీ చెప్పులోంచి కాలు తీసి మళ్లీ పెట్టాడు. "కొందరు ఇంకోలా కూడా అంటున్నారండి. నేనలా అనుకోలేదు."

"ఇంకోలా అంటే?" అంది సత్యవేదం.

"చేతి పని పోయిందేమో, సొంత చొక్కాకే ధైర్యం చాల్లేదేమో అని. నేననుకోలేదండి."

సీమోను లేచాడు. అలమరలోంచి క్వయరు గుడ్డల మూట తీసి, కింద పెట్టి, ఒక అంచుగుడ్డ పీలికతో అడ్డంగా, నిలువుగా కట్టి ముడేశాడు. తన దగ్గర్నుంచి బయటికెళ్లే ఏ మూటా వదులుగా వెళ్లకూడదు ఆయనకి.

"పోయినేటి కొలతలు ఎవరికీ ఇవ్వకు బాబీ," అన్నాడు మూట అందిస్తూ. నిన్నటినుంచి ఆ ఇంట్లో ఆయన అన్న పొడుగాటి మాట అదే. "కుర్రాళ్లు మారిపోతారు. ఎవరు కుట్టినా మళ్లీ తీసుకోమను. పాత కొలతల మీద ఎప్పుడూ కుట్టకూడదు."

"అలాగే అంకుల్."

మూట మోటారు సైకిలు మీద వెళ్లిపోయింది. సత్యవేదం తన చేతుల మీద ఎండిపోతున్న పిండిని చూసుకుని, ఆమె కూడా మాట లేకుండా లోపలికెళ్లింది. సత్యవేదం మాట లేకుండా వెళ్లడం ఆ ఇంట్లో చిన్న విషయం కాదు.

"ఏవండీ."

మిషను నడుస్తోంది.

"నామీద కోపముంటే నన్ను తిట్టండి. మూట ఎందుకిచ్చేశారు? నేనెళ్లి బాబీతో చెప్తాను. ఆయనకి తెలీకుండా నేనే కుట్టించానయ్యా, ఆయన పంపలేదు అని చెప్తాను. పాస్టరుగారితోనైనా చెప్తాను."

సీమోను కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచి పెట్టుకోలేదు, చేతిలోనే పట్టుకున్నాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఏది?"

ఆయన తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. అది కోపం చూపు కాదని సువర్ణకి అప్పుడు తెలిసింది. దొరికిపోయిన మనిషి చూపది. ఆమెకేమీ తెలీదని అర్థమయ్యేసరికి ఆ చూపు కూడా లేకుండా పోయింది.

"ఏం లేదు."

"నాకు తెలియాల్సింది ఏంటండీ?"

"ఏం లేదన్నాను కదా. ఆ తెల్లదారం రీలు ఇలా అందుకో."

అందించింది. ఆయన చెయ్యి రీలు ఉన్నచోటికి కాక కాస్త పక్కకి వచ్చి, వెతుక్కుని, పట్టుకుంది.

సువర్ణ చీర మార్చుకుని, "వదినగారూ, బజారుకెళ్లొస్తాను, కూర ఉట్టిలో ఉంది" అని వెనక్కి ఓ కేక వేసి, బజారు దాటి తిన్నగా స్టేషనుకెళ్లింది.

అచ్యుతరావు కొట్టులో టేపు మెడలో వేసుకుని, ఎవరిదో ప్యాంటుకి సుద్దతో గీత గీస్తున్నాడు. ఆమెని చూసి స్టూలు మీది గుడ్డలు తోసి చోటు చేశాడు.

"రా చెల్లెమ్మా. ఏమన్నాడు మావాడు? కాలరు తిరగేసి చూశాడా?"

"చూశారండి."

"చూస్తాడని తెలుసు. అందుకే ఆ కాలరు విప్పి మళ్లీ కుట్టాను. వంక పెట్టాడా?"

"వంక పెట్టలేదు, వేసుకోలేదు. మీరు ఊరంతా చెప్పారంట కదండి."

"చెప్పాను." ఆయన ఏమాత్రం తడుముకోలేదు. "ఎందుకు చెప్పుకోను? గురువుగారి దగ్గర నేను కుట్టిన చేతులు విప్పించి వాడి చేత మళ్లీ కుట్టించేవారమ్మా. అందరి ముందూ. అలాంటివాడి ఇల్లాలు ఆది చొక్కా పట్టుకుని నా కొట్టు ముందు నిలబడితే, అది నాకు సన్మానం కాదా?"

"చెప్పొద్దని నేనన్నాను కదండి."

"వాడికి చెప్పొద్దన్నావు. వాడికి చెప్పలేదుగా."

నవ్వొచ్చే మాటే. సువర్ణకి నవ్వు రాలేదు. క్వయరు మూట వెళ్లిపోయిన సంగతి చెప్పింది. అచ్యుతరావు సుద్ద కింద పెట్టాడు.

"అంతదూరం పోతుందనుకోలేదమ్మా. నేనింకా వాడే పంపించాడనుకున్నాను. నోరు తెరిచి అడగలేక నిన్ను పంపాడు, కాజాల సంచి కూడా ఇకనుంచి నీతోనే పంపిస్తాడు కాబోలు అనుకున్నాను."

"కాజాల సంచేంటండి?"

అచ్యుతరావు ప్యాంటు గుడ్డ మీద లేని ముడత సర్దాడు.

"నీకు తెలీదా?"

పొద్దుటినుంచి తెలుసా, తెలీదా అని అడిగినవాళ్లు ఇద్దరయ్యారు. సువర్ణ స్టూలు మీంచి కదల్లేదు. "చెప్పండి అన్నయ్యగారు. ఇక్కడిదాకా వచ్చాక తెలీకుండా వెళ్లను."

"వానాకాలం నుంచి నాదగ్గరికొస్తున్నాడు," అన్నాడాయన. గొంతులో హుషారు పోయింది. "మిషను మీద తిన్నటి కుట్టు వాడికి చెయ్యే తోవ చూపిస్తుందమ్మా. కాజా అలా కాదు. గుండీ దూరే చిన్న కన్నం, చుట్టూ దారం, కళ్లతో కుట్టాలి. అవి తెచ్చి నాతో కుట్టించుకుపోతాడు. గుండీలూ అంతే."

దారాలు తేవాలి, లైనింగు తేవాలి అని వారం వారం పట్టుకెళ్లే గుడ్డసంచి సువర్ణకి కళ్లముందు కనిపించింది. ఆ సంచిని ఉతికి ఆరేసింది కూడా తనే.

"కళ్లకేమైందంట?"

"మసకంటాడు. ఒకరోజు బాగానే ఉంటాయంట, ఒకరోజు పొగమంచు పట్టినట్టుంటుందంట. డాక్టరుకి చూపించుకోరా అంటే, క్రిస్మస్ వెళ్లనీ అంటాడు. చూపించుకుంటే పని ఆపమంటారు, నలుగురి పండగబట్టలూ నాదగ్గరే ఉన్నాయి అంటాడు." అచ్యుతరావు లేచి నిలబడ్డాడు. "పద, నేను గూడెం వస్తాను. ఆ కుర్రాడితో నేనే మాట్లాడతాను."

"ఏమని చెప్తారండి?"

"ఏమనంటే..." ఆయన నోరు తెరిచి, ఆలోచించి, మళ్లీ కూర్చున్నాడు.

"సీమోనుకి ధైర్యం చాల్లేదనుకోవడం అబద్ధం, కళ్లు కనపడట్లేదు, అదీ నిజం అని చెప్తారా?"

అచ్యుతరావు మెడలోంచి టేపు తీసి బల్ల మీద పెట్టాడు. "వాళ్లనుకున్నదే నయంలా ఉందమ్మా" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో రైలు ఖాళీగానే ఉంది. కోతలైపోయిన చేలల్లో గడ్డి మోపులు ఎండుతున్నాయి. భీమడోలు దగ్గర గూడకొంగల బారొకటి కొల్లేటి వైపు దిగిపోతోంది. ఆ వైపే ఓ లంక ఊరు సువర్ణ పుట్టిల్లు. ఆమె తండ్రి వల అల్లితే దాన్ని చూడ్డానికి పక్క లంకల నుంచి వచ్చేవారు. ఒక ఏడు ఆయన ముడులు తప్పడం మొదలైంది. ముందు దారాన్ని తిట్టాడు, తర్వాత దీపాన్ని తిట్టాడు. షుగరని తేలేసరికి మనిషి సగమైపోయాడు, ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరేది కాదు, కట్టుకున్న పంచె నడుం మీద నిలిచేది కాదు.

సువర్ణ వెంటనే తనకి తనే సర్దిచెప్పుకుంది. ఈయన అలా లేడు. ఈయన ఒంటి మీది చొక్కా ఎప్పటిలా అతికినట్టే ఉంటుంది. కళ్లజోడు మార్చుకుంటే సరిపోతుంది. పండగ కాగానే షారోన్‌ని పిలిచి ఇద్దరూ కలిసి తీసుకెళ్తారు.

అతికినట్టున్న ఆ చొక్కా మీది నమ్మకంతోనే గూడెం దాకా వచ్చింది.

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. సీమోను వెలుతురు కోసం మిషనుని గుమ్మం దాకా జరుపుకున్నాడు. సూదిని కంటికి దగ్గరగా పెట్టుకుని, దారం నోట్లో తడిపి, కొస సన్నం చేసి, గురిపెట్టాడు. తప్పింది. మళ్లీ తడిపాడు. ఒళ్లో పాత భూతద్దం ఒకటుంది, అద్దం మీద పగులు. నిన్న ఆ సొరుగు ఎందుకు తెరిచాడో సువర్ణకి అప్పుడు తెలిసింది.

ఆమె చెప్పులు విడిచి, వచ్చి పక్కన కూర్చుని, ఆయన చేతిలోంచి సూది తీసుకుంది. దారం ఎక్కించి ఇచ్చింది.

సీమోను ఆ సూదిని కాసేపు అలా పట్టుకున్నాడు.

"బజారు ఏలూరు దాకా ఉందా?"

"ఉందండి."

"అచ్చి చెప్పేశాడా?"

"నాకు తెలుసనుకుని చెప్పారు. ఆయన్నేం అనకండి." ఆమె దారం రీలు ఒళ్లోకి తీసుకుంది. "నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మిషను మూసెయ్యమనేదానివి."

"అనేదాన్నే."

"అందుకే."

ఇద్దరూ వీధిలోకి చూశారు. ఎవరో పిల్లలు ఎదురింటి నక్షత్రానికి బల్బు బిగిస్తున్నారు.

"నేను దాన్ని చూడగానే, నీకు తెలిసిపోయిందనుకున్నాను," అన్నాడు సీమోను. "తెలిసి, నోటితో అనలేక, ఇంక మీవల్ల కాదండి అని చొక్కాతో చెప్పావనుకున్నాను."

"ఎంత మాటన్నారు." సువర్ణ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పండగపూట మీ ఒంటి మీద కొత్తబట్ట చూద్దామనుకున్నానండి. అంతే. ఏటేటా ఏం కావాలండీ అని అడిగితే నాకేం తక్కువంటారు. సూదిలో దారం ఎక్కించు అని ఒక్కమాట అంటే, నాకు ఈ ఏలూరులు, ఈ బట్టల కొట్లు తిరిగే పనుండేదా?"

సీమోను నవ్వాడు. గట్టిగా కాదు. పైపెదవి ఒకవైపు లేచింది, అంతే. నిన్నటినుంచి బిగిసిపోయిన ఇల్లు ఆ కాస్తకే సళ్లినట్టనిపించింది ఆమెకి.

"ఆ చొక్కా ఇలా తే," అన్నాడు.

సువర్ణ పరుగులాంటి నడకతో వెళ్లి తెచ్చింది. ఆయన లేచి ఒంటి మీది పాత చొక్కా విప్పి కుర్చీ మీద వేశాడు. బనీనులో ఆయన్ని పగటి వెలుతురులో చూసి ఎన్నాళ్లయిందో, ఎప్పుడూ ఆ గుడ్డల మధ్య, ఆ మిషను వెనకే. ఆమె సరిగ్గా చూసేలోపే ఆయన కొత్త చొక్కా తొడుక్కుని వెనక్కి తిరిగి గుండీలు పెట్టుకున్నాడు.

తిరిగాడు.

భుజం కుట్టు భుజం దిగి చేతి మీదికి జారి ఉంది. కాలరుకీ మెడకీ మధ్య ఖాళీ. పొట్ట దగ్గర గుడ్డ సంచిలా వేలాడుతోంది.

"ఏం తమ్ముడూ, నాన్న చొక్కా వేసుకున్నావా?" అరిసెల పళ్లెం పట్టుకుని వెనకనుంచి వచ్చిన సత్యవేదం నవ్వింది. "ఆ అచ్యుతరావుకి కుట్టు వచ్చంటారా అసలు?" ఎవరూ నవ్వకపోయేసరికి పళ్లెం బల్ల మీద పెట్టి, ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కిటికీ పక్కకి జరిగింది.

"పాడు చేశారండీ గుడ్డంతా," అంది సువర్ణ. "ఆయన్ని నమ్మి ఇచ్చాను. విప్పండి, రేపే పట్టుకెళ్తాను."

సీమోను చొక్కా విప్పి బల్ల మీద పరిచాడు. అచ్యుతరావు తిరిగి పంపిన ఆది చొక్కాని, షారోన్ పెళ్లినాటిదాన్ని, పెట్టెలోంచి తెప్పించి దాని మీద పరిచాడు. కళ్లతో చూడలేదు. భుజానికి భుజం, అంచుకి అంచు వేళ్లతో తడిమి కలిపాడు. పైది కిందిదాన్ని పూర్తిగా కప్పేసింది. నూలుపోగు తేడా లేదు.

"అచ్చి తప్పు కుట్టలేదు," అన్నాడు.

సువర్ణకి వెంటనే అర్థం కాలేదు. చేతులకి ఏదో పని కావాలన్నట్టు, కుర్చీ మీద విప్పేసిన పాత చొక్కా అందుకుంది, ఉతుక్కి వేద్దామని. అది లోపలివైపుకి తిరగబడి ఉంది. పక్క కుట్టు వెంబడి లోపల ఇంకో కుట్టు ఉంది. దానికి లోపల ఇంకొకటి. మొదటిది గీత గీసినంత నిటారుగా ఉంది. చివరిది వాలుగా పోయి, వెనక్కొచ్చి, గుడ్డ వదిలేసి, మళ్లీ పట్టుకుంది. సీమోను చేతి కింద అలాంటి కుట్టు ఆమె ఏనాడూ చూడలేదు.

"ఇవెప్పుడు వేశారు?"

"లూజైనప్పుడల్లా."

ఎవరో ఖాతాదారుడి చొక్కా సంగతి చెప్పినట్టే చెప్పాడు. మిషను పక్కనున్న నీళ్ల సీసా ఖాళీ అయిపోయి ఉంది. పొద్దుటినుంచి దాన్ని ఎన్నిసార్లు నింపుకొచ్చుకున్నాడో ఆమె చూస్తూనే ఉంది, చూడనే లేదు.

సువర్ణ బల్ల మీది టేపు తీసింది.

"నిలబడండి."

"ఎందుకు?"

"కొలత తీస్తాను."

"నీకు వచ్చా?"

"ఇన్నేళ్లు చూశాను కదండి. చేతులెత్తండి."

ఊళ్లో అందరి చేత చేతులెత్తించిన మనిషి తన చేతులెత్తి నిలబడ్డాడు. సువర్ణ టేపు ఆయన వీపు వెనకనుంచి తిప్పి ఛాతీ మీదికి తెచ్చింది. రెండు కొసలూ కలవాల్సిన చోటు దాటి, ఇంకా లోపలికి, ఇంకా లోపలికి వచ్చి కలిశాయి.

సీమోను తల వంచి టేపు వైపు చూశాడు. కళ్లు చిట్లించాడు. గడ్డం ఛాతీ ఎముకకి ఆనేదాకా వంగాడు.

"ఎంతొచ్చింది?"

ఆమె అంకె మీద బొటనవేలు పెట్టింది.

"చెప్పు సువర్ణా. ఎంతొచ్చింది?"

ఆమె వేలు తియ్యలేదు.